గట్టు మీద మనిషి

తాడేపల్లిగూడెం,
9 జూన్ 2025

రుక్మిణి పిన్నిగారికి,

మీరు ఫోన్ ఎత్తరు కాబట్టి నాకు ఉత్తరమే గతి. బాబాయి పోయిన రోజు చెరువు దగ్గర్నుంచి మన పనివాడు కనకరాజు ఫోన్‌లో అరిచిన అరుపు ఇంకా మీ చెవిలోనే ఉందని నాకు తెలుసు. అందుకే నేను మోగించను. నాన్న మాత్రం "ఈ రోజుల్లో ఉత్తరాలు రాసుకునే మరదలూ, ఆవిడ కోసం కార్డులు కొనే నా కూతురూ, బాగుంది సంబడం" అని నవ్వుతున్నారు. నవ్వడానికి చాలా రోజులు పట్టింది ఆయనకి కూడా. బాబాయి పోయాక నాన్న చేపలు తినడం మానేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మేత బస్తాల కోసం గూడెం వచ్చిన కనకరాజు చేతికి ఒక సంచీ ఇచ్చాను. అందులో పలక లాంటిది ఉంది. టాబ్లెట్ అంటారు. దానిలో సిమ్ లేదు, అది మోగదు, భయపడకండి.

నేను చేరిన ఆఫీసు గురించి చెప్పలేదు కదూ. తవుడు కొట్టు పైన రెండు గదులు. కిటికీ తీస్తే తవుడు, మూస్తే ఉక్క. చేపల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ల కోసం బొమ్మల పాఠాలు తయారుచేస్తాం. ఒక్కోటి రెండు నిమిషాలు. ఒక పాఠంలో ఒకటే సంగతి. చదువు రాకపోయినా ఫరవాలేదు, అక్షరం ఉండదు. ఒక మనిషి బొమ్మ కనిపిస్తుంది, ఏం చెయ్యాలో మనం వేలితో చెబితే అతను అది చేస్తాడు. బొమ్మలు గీసేది హర్షవర్ధన్ అనే అబ్బాయి. వాడిది అనంతపురం వైపు, చేపల చెరువు మొహం ఎరగడు. తెర మీద ఏది ఎక్కడ ఉండాలి, తడివేలితో నొక్కినా పనిచేసేంత పెద్దగా ఉందా లేదా, నొక్కితే ఏం జరగాలి, ఇదంతా నా పని.

మొదటి పాఠం ఏమిటంటే, వానలో నీళ్లు చిలికే ఏరియేటర్ చక్రం ఆగిపోతే ముందు ఏం చెయ్యాలి అన్నది. పిన్నీ, ఈ మాట మీకు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. కానీ మొదటి పాఠం ఇంకేదైనా అయితే బాబాయి ముందు నేను తలెత్తలేను. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లకి అర్థమవుతుందో లేదో మీరు చూసి చెప్పండి. మీకన్నా నిక్కచ్చిగా చెప్పేవాళ్లు నాకు ఎవరున్నారు?

మాగాయ అయిపోయింది. ఊరికే చెబుతున్నాను.

మీ
మనోజ్ఞ

*

పెదపాడు దగ్గర, మన ఇల్లు
20 జూన్

మనూ,

దీవెనలు తరవాత. ముందు ఒకటి చెప్పు. ఎవరిని అడిగి మీ బాబాయిని అందులో పెట్టావు?

నువ్వు పంపిన పలక వారం పాటు బియ్యం డబ్బా మీద అలాగే ఉంది. కనకరాజు పెళ్ళాం రత్నమాణిక్యం చెరువు దగ్గర మకాం పాక నుంచి పాలకి వచ్చినప్పుడల్లా "తెరవరాండీ, మాకూ చూపించరాండీ" అని ప్రాణం తీసింది. నిన్న మధ్యాహ్నం ముసురు పట్టి తోచక తెరిచాను. గట్టు, వాన, చెరువులో నీళ్లు చిలికే చక్రం. అవతలి నుంచి ఒక మనిషి నడిచి వస్తున్నాడు. మొహం సరిగ్గా లేదు. కళ్లకు రెండు చుక్కలు, ముక్కుకి ఒక గీత. కానీ ఎడమ భుజం కాస్త కిందికి వంచి, కుడిచెయ్యి నడుం వెనక పెట్టి, ముందు వేళ్లతో గట్టు తడిమి ఆ తరవాత మడమ ఆనించే ఆ నడక ఎవరిదే? ఆయన ముందు అలా నడుస్తుంటే వెనకాల "త్వరగా నడవండీ" అని పాతికేళ్లు విసుక్కున్నదాన్ని. నాకు తెలీదా?

పలక మూసేశాను. మళ్లీ తెరిచాను.

రెండు బొమ్మలు వచ్చాయి. ఒకటి కరెంటు మెయిన్ ఆపే డబ్బా, ఒకటి నీళ్లలో కాలు. నేను డబ్బా నొక్కాను. ఆయన వెళ్లి ఆపారు. చక్రం బాగుచేశారు. మకాం దాకా వచ్చి, తలకి చుట్టిన తువ్వాలు తీసి దులిపారు. ఏదో గంట మోగి తెరంతా ఆకుపచ్చగా అయిపోయింది.

అక్కడితో ఆపేశావేం? ఇంటికి ఎందుకు రారు?

ఆయన తెలియకే ప్రాణం పోగొట్టుకున్నారని లోకానికి చాటుతున్నావేమో అని రాత్రంతా కోపంగా ఉంది. తెల్లారేసరికి ఏ కోపమూ లేదు. ఆ మనిషి మాత్రం ఉన్నాడు.

పోస్టుమాన్ బుచ్చిబాబు గుమ్మంలో నిలబడ్డాడు, ఉంటాను.

రుక్మిణి పిన్ని

*

తాడేపల్లిగూడెం,
26 జూన్

పిన్నీ,

మీ ఉత్తరం హర్షకి చదివి వినిపించాను. వాడు పెన్ను కింద పెట్టేశాడు.

ఒట్టు పిన్నీ, నేను బాబాయిని పెట్టలేదు. ఎలా జరిగిందో ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే తెలుస్తోంది. హర్ష మొదట గీసిన మనిషి తారురోడ్డు మీద నడిచినట్టు నడిచాడు. "గట్టు మీద అలా నడిస్తే జారిపడతాడు" అన్నాను. మళ్లీ గీశాడు. "భుజం కొంచెం దించు" అన్నాను. "ఆ చెయ్యి వెనక్కి." "అంత తొందరగా కాదు, వేళ్లు ముందు." ఇలా చెబుతూ పోయి, నాకు సరిగ్గా ఉందనిపించిన చోట ఆపాను. వేసవి సెలవులన్నీ ఆయన వెనకే గట్ల మీద తిరిగాను కదా. మీకు పిల్లలు లేరని నన్నే ఎత్తుకు తిరిగారు మీరిద్దరూ. నాకు తెలిసిన చెరువు మనిషి ఆయన ఒక్కరే. నాకు తెలియకుండానే ఆయన నడిచి వచ్చేశారు.

మీ ఉత్తరం చదివిన రోజు సాయంత్రం అందరూ వెళ్లాక తెర వెలిగించి ఉంటే, వీపు ఇటు తిప్పి ఆయన గట్టు మీద నిలబడి ఉన్నారు. ఆపేసి దిగొచ్చేశాను. మెట్ల మీద లైటు కూడా వెయ్యలేదు.

నడక మార్చేస్తాం. మీరు చెప్పిన రెండో సంగతి మాత్రం నూటికి నూరు పాళ్లూ నిజం. పాఠం మకాం దగ్గర ఆగిపోతే మనసుకి అసంపూర్తిగా ఉంటుంది. పని సరిగ్గా చేసిన మనిషి ఇంటికి చేరాలి, అప్పుడే చూసేవాళ్లకి గుర్తుంటుంది. ఇంటి దృశ్యం కలిపాం. కనకరాజు వచ్చినప్పుడు పలక ఇచ్చి పంపండి, కొత్తది ఎక్కించి పంపుతాను. ఇంత మంచి సలహా ఆఫీసులో ఎవరూ ఇవ్వలేదు!

మందులు వేసుకుంటున్నారా?

మనోజ్ఞ

*

11 జూలై

చిట్టితల్లి మనోజ్ఞకు,

సలహా అన్నావు. నేను సలహా ఇచ్చానుటే? సరే, పోనీ.

పలక చేరింది. నడక ఇంకా పాతదే ఉంది. హర్ష అనే ఆ అబ్బాయికి చెప్పు, దాన్ని ముట్టుకోవద్దని. నేను అడుగుతున్నాను, మార్చకు.

ఇల్లు బాగుంది. గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడ్డ ఆవిడ ఎవరు? నేనెన్నడూ అలా చెంబు పట్టుకుని నిలబడలేదు. ఆయనే గోలెం దగ్గర కాళ్లు కడుక్కుని, "ఏవే, వేడినీళ్లు ఉన్నాయా?" అని పెరట్లోంచి కేకేసేవారు. నేను వంటింట్లోంచి కసురుకునేదాన్ని. అదీ మా కాపురం. అయినా ఉండనీలే ఆవిడని. కనీసం ఆవిడైనా ఎదురెళుతోంది.

రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక తెరుస్తాను. డబ్బా నొక్కుతాను. ఆయన ఇంటికి వస్తారు. వచ్చాక పలక మూసి, పొయ్యి మీద నీళ్లు పడేస్తున్నాను. మొన్న రత్నమాణిక్యం వచ్చి రెండు కంచాలు పెట్టి ఉండటం చూసి, పాలు కూడా పోయించుకోకుండా వెళ్లిపోయింది. ఊళ్లో చెప్పే ఉంటుంది. చెప్పుకోనీ.

నీకో సంగతి చెప్పాలి. నాలుగు రోజుల కిందట, డబ్బా నొక్కబోతుంటే పిల్లి అడ్డం వచ్చి వేలు ఆగింది. ఆయన గట్టు మీద వానలో అలాగే నిలబడ్డారు. కాసేపు చూసి, తల తిప్పి నా వంక చూశారు. నిజంగా మనూ, నా వంకే. ఏం చెయ్యమంటావు అన్నట్టు. బతికుండగా చెరువు సంగతి ఒక్కసారి అడిగారా నన్ను? ఇప్పుడు అడుగుతున్నారు. అప్పట్నుంచి నేను వెంటనే నొక్కడం లేదు. కాసేపు నిలబెడుతున్నాను. పాపం తడిసిపోతున్నారు. అయినా ఆ చూపు కోసం.

కొల్లేరు మీదుగా గూడబాతులు ఈసారి ముందే వెళ్లాయి. వానలు గట్టిగా ఉంటాయంటున్నారు.

పిన్ని

*

తాడేపల్లిగూడెం,
19 జూలై

పిన్నీ,

మీ ఉత్తరం నాన్నకి చూపించలేదు.

దయచేసి నేను చెప్పేది వినండి. ఆ చూపు మేం పెట్టినదే. చూసేవాళ్లు ఏమీ నొక్కకుండా ఆగిపోతే, పాఠం వాళ్ల కోసం ఎదురుచూస్తోందని తెలియాలి. గడియారం పెడితే కంగారుపడతారని, మనిషి తల తిప్పి చూసేలా చెయ్యమన్నాను. ఎవరు చూసినా అలాగే తిప్పుతాడు. నేను నొక్కకపోయినా నా వంకే చూస్తాడు. ఆయన కాదు పిన్నీ. కంచం తీసెయ్యండి.

పలక గూడెం వచ్చినప్పుడు దాన్లో ఏమేం నొక్కారో మాకు తెలుస్తుంది. ఒకే పాఠం, ఒకే బొమ్మ. మిగతావి తెరవనేలేదు. మీకు పాఠం అర్థం కాలేదేమో, అందుకే మళ్లీ మళ్లీ చూస్తున్నారేమో అనుకుని బొమ్మలు ఇంకా పెద్దవి చేయించాను. ఎంత తెలివితక్కువదాన్ని!

ఇంకొకటి. పెంటపాడు వైపు చెరువుల దగ్గర పనివాళ్లని మేత షెడ్డులో కూర్చోబెట్టి పాఠం చూపించాం. ఒకడు కావాలని నీళ్లలో కాలు బొమ్మ నొక్కాడు. ఆయన పడిపోయారు. అందరూ నవ్వారు. "మళ్లీ పడెయ్, మళ్లీ పడెయ్" అని పలక చేతులు మారింది. వాళ్ల తప్పు లేదు, సినిమాలో పడినట్టుంటుంది, బొమ్మే కదా. నేను మాత్రం షెడ్డు బయటికి వచ్చేశాను. అప్పుడు నాకు మీరు గుర్తొచ్చారు. ఇకమీదట ఎవరికీ అలా పడకుండా తీసేస్తున్నాం. తప్పు నొక్కితే ఎర్ర గీత వస్తుంది, అంతే.

27న, ఆదివారం వస్తాను. పలక నాకు ఇచ్చెయ్యండి. మీరు కూడా నాతో వచ్చి నెల రోజులు మా ఇంట్లో ఉండండి. కాదనకండి.

మనోజ్ఞ

*

24 జూలై

మనోజ్ఞా,

పడిపోవడం కూడా ఉందా అందులో?

నాకు చెప్పలేదేం? నేను ఆ రెండో బొమ్మ ఒక్కసారీ ముట్టుకోలేదు. దాన్ని నొక్కితే ఏమవుతుందో ఆలోచించనే లేదు. వెళ్లడం, ఇంటికి రావడం, అంతే అనుకున్నాను.

నేనిక్కడ రోజూ ఆయన్ని ఇంటికి తెచ్చుకుంటుంటే, మీరక్కడ రోజూ చంపుతున్నారా? చంపి నవ్వుతున్నారా?

రాకు.

*

తాడేపల్లిగూడెం,
29 జూలై

పిన్నీ,

మీ ఉత్తరం సోమవారం అందింది. నేను ఆదివారమే వచ్చి వెళ్లాను. రావద్దన్నారని అప్పటికి నాకు తెలియదు.

తలుపు లోపల గడియ వేసి ఉంది. పిలిచాను. పడుకున్నారనుకుని అరుగు మీద కూర్చున్నాను. పెరట్లో బట్టలు ఆరేసి ఉన్నాయి, ఎండ పెళపెళలాడుతోంది. ఇంట్లోంచి వాన చప్పుడు వస్తోంది. అది మన పాఠంలో వాన అని తెలుసు, ఆ చప్పుడు నేనే రికార్డు చేశాను. అయినా చున్నీ తల మీదికి లాక్కున్నాను. వాన ఆగలేదు. మెయిన్ ఆపిన చప్పుడు వినిపిస్తుందేమో, గంట మోగుతుందేమో అని చూశాను. ఏదీ లేదు. ఆఖరి బస్సు పోతుందని రత్నమాణిక్యం వచ్చి చెబితే లేచాను. "అమ్మగారు బాగానే ఉన్నారండీ, తలుపు మాత్రం తియ్యరండీ" అంది.

పాఠం తీసేశాను. ఊళ్లకి ఇచ్చిన పలకల్లో ఇక అది ఉండదు. నడకా లేదు, పడటమూ లేదు. ఆఫీసులో మాటలు పడ్డాను. "అన్నిటికన్నా గుర్తుండేది అదే, దాన్నే తీసేస్తావా?" అన్నారు. చెరువులో సున్నం కలిపే పాఠం, మేత కొలిచే పాఠం చేస్తాం. అవి ఎవరినీ ఏడిపించవు.

మీ దగ్గరున్న పలక నేను అడగను. కానీ లోపల ఒంటరిగా ఆ వానలో ఉండకండి పిన్నీ. ఒక్క ముక్క రాయండి. తిట్టి అయినా సరే.

మను

*

పెదపాడు దగ్గర,
23 ఆగస్టు

బంగారు తల్లీ మనూ,

నిన్ను అరుగు మీద కూర్చోబెట్టి తలుపు తియ్యని పిన్నిని నేనే. నువ్వు వచ్చావని తెలుసు. నీ దగ్గు విన్నాను. ఆ రోజు పొద్దుటి నుంచీ రెండో బొమ్మకి తగలకుండా పైన వేలు పట్టుకుని కూర్చున్నాను. నొక్కలేను, తియ్యలేను. ఆయన వానలో నిలబడి నా వంక చూస్తూనే ఉన్నారు. లేచి తలుపు తీస్తే వేలు తియ్యాలి. దీపాలవేళకి పలకలో కరెంటు అయిపోయి అదే ఆరిపోయింది. ఆ తరవాత పలక బీరువాలో పెట్టేశాను.

ఇప్పుడు మొన్న బుధవారం సంగతి. పొద్దున్నే కుండపోత. నేను పెరట్లో ఉన్నాను. చెరువులో చక్రాల చప్పుడు ఆగింది. ఆయన పోయిన దగ్గర్నుంచి అటు వెళ్లలేదు, ఆ చప్పుడు వింటున్నట్టు కూడా నాకు తెలీదు. ఆగాక తెలిసింది. చెప్పుల్లేకుండానే నడిచాను. వేళ్లతో గట్టు తడుముతూ నడిచాను, లేకపోతే జారుతుంది.

గుర్రపుడెక్క వచ్చి చక్రానికి చుట్టుకుంది. గాలి అందక చేపలు తలలు పైకెత్తి నోళ్లు తెరుస్తున్నాయి. కనకరాజు లుంగీ ఎగ్గట్టి దిగబోతున్నాడు.

"కనకరాజూ, మెయిన్ ఆపావా?" అన్నాను.

"ఒక్క నిమిషం పనండీ అమ్మగారూ. నాకు తెలీదాండీ? ఇటు పక్కనించి లాగేత్తానండీ."

"నీకు తెలుసు. అయ్యగారికీ తెలుసు. గట్టెక్కు."

"ఆ చివరిదాకా ఎల్లొచ్చేసరికి సగం చేపలు పోతాయండీ!"

"పోనీ" అన్నాను.

వాడు నా మొహం చూశాడు. అదే మాట ఆయనతో ఎన్నడూ అనలేదు మనూ. మా ఇంట్లో ఎవరూ అనరు ఆ మాట. చెరువు ఉన్న ఏ ఇంట్లోనూ అనరు. గట్టిగా మళ్లీ అన్నాను, "పోతే పోనీ, వెళ్లి ఆపిరా." వాడు వెళ్లి ఆపి వచ్చేదాకా నేను నీళ్లకి అడ్డంగా నిలబడ్డాను. చేపలు చాలానే పోయాయి. కనకరాజు ఉన్నాడు.

మర్నాడు చుట్టుపక్కల చెరువుల వాళ్లని మా వరండాలో కూర్చోబెట్టాను. రత్నమాణిక్యమే అందరినీ పిలుచుకొచ్చింది. పలక ఛార్జింగ్ పెట్టి తెరిచాను. నువ్వు అన్నిచోట్లా తీసేశానన్నావు కదా, మా దాంట్లో ఆయన అలాగే ఉన్నారు. డబ్బా నొక్కాను, ఇంటికి వచ్చారు. "అయ్యగారే, అయ్యగారి నడకే" అని గుసగుసలు. అప్పుడు పక్క చెరువు యోసేపు అడిగాడు, "రెండోది నొక్కితే ఏమవుద్దండీ అమ్మగారూ?" రత్నం వాడి మోచెయ్యి గిల్లింది.

అడిగినవాడికి చెప్పాలి కదా. నొక్కాను.

ఆయన కాలు పెట్టారు. నీళ్లు ఒక్కసారి తెల్లబడ్డాయి. పడిపోయారు. తువ్వాలు విడిపోయి పైన తేలింది. హర్ష అది బాగా గీశాడు, చెప్పు వాడికి. వరండాలో ఎవరూ నవ్వలేదు. యోసేపు లేచి అటు తిరిగి నిలబడ్డాడు. పలకలో ఆయన మళ్లీ గట్టు మీదకి వచ్చి నిలబడ్డారు. నేను మళ్లీ నొక్కలేదు.

ఆ రోజు నేను అక్కడ లేను మనూ. ఫోన్‌లో విన్నాను, అంతే. ఆయన ఎలా పడ్డారో, చివరికి ఎటు చూశారో నాకు తెలీదు. ఏడాదిగా నన్ను తిననివ్వనిది, పడుకోనివ్వనిది అదే. ఇది బొమ్మే, నిజం కాదని నువ్వు చెప్పావు, నాకూ తెలుసు. అయినా ఈసారి ఆయన పడుతుంటే నేను పక్కనే ఉన్నాను.

పాఠం మళ్లీ పెట్టు. పడటం కూడా పెట్టు. పెంటపాడులో నవ్వితే నవ్వనీ, నవ్విన నోళ్లకి తరవాత గుర్తొస్తుంది. కానీ ఒక్కటి మార్చు. నీ బొమ్మలో డబ్బా ఆయనకి రెండడుగుల్లోనే ఉంది. అలా ఉంటే ఆపనివాళ్లు ఎవరు? మా చెరువుకి అది ఆ చివర ఉండేది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇటు గట్టుకి మార్పిస్తున్నాను, కానీ అందరి చెరువుల్లో అంత తేలిక కాదు. నీ పాఠంలో డబ్బా దూరంగా పెట్టు. ఇటు చేపలు నోళ్లు తెరుస్తుండాలి. చూసేవాళ్లు ఆయన్ని ఆ దూరమంతా నడిపించాలి. విసుగొచ్చేదాకా నడిపించాలి.

కనకరాజు చేతికి పలక ఇచ్చి పంపుతున్నాను. మా ఇంట్లో ఇక అక్కర్లేదు. నిన్న నీళ్లు నా ఒక్కదానికే కాచుకున్నాను. గిన్నె తేలిగ్గా ఉండి, రెండుసార్లు మూత తీసి చూశాను.

నడక మాత్రం మార్చకు. చెరువుని వదిలి ఏలూరులో ఒక్క పూట నిలవలేకపోయేవారు ఆయన. నాలుగూళ్లూ తిరగనీ.

పిన్ని